ఆదిశేషమ్మ గోంగూర బామ్

ఆ రోజుకి హరినాథ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆరింటికి లేవడం, ఏడింటికి మనుబోలు హైవే మీద కంపెనీ బస్సెక్కడం, పదింటికి డాక్టరు ముందు నిలబడి తాను నిక్షేపంలా ఉన్నానని రుజువు చేసుకోవడం, పదకొండింటికి పర్మనెంటు కాగితం అందుకోవడం. కృష్ణపట్నం దగ్గరి కరెంటు ఫ్యాక్టరీలో బొగ్గు మోసే బెల్టుని పదకొండేళ్ళుగా కాంట్రాక్టు కింద నడుపుతున్న మనిషికి ఇంతకంటే పెద్ద ప్లాను అక్కర్లేదు. ఆ కాగితం ఇదివరకు మూడుసార్లు నోటిదాకా వచ్చి జారిపోయింది. ఈసారి కూడా జారితే ఇక అడిగే ఓపిక తనకి లేదని భార్య బిందుతో చెప్పేశాడు కూడా.

ప్లానులో అన్నీ ఉన్నాయి, మెడ ఒక్కటే లేదు. పొద్దున అలారం ఆపుదామని కుడివైపు తిరగబోతే మెడ తిరగలేదు. ఎడమవైపు ప్రయత్నించాడు. అటూ లేదు. కిందికి వంచబోతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బెల్టు నడిపేవాడు పైకీ కిందికీ, అటూ ఇటూ చూడగలగాలి. కిందటి నెలే ఒకాయన్ని భుజం పూర్తిగా లేవలేదని ఆ డాక్టరు వెనక్కి పంపించాడు.

"అమా!" అని కేకేశాడు హరినాథ్, ఇంటి కప్పుకేసి చూస్తూ. మెడ అక్కడే ఆగిపోయింది మరి.

ఆదిశేషమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కొడుకుని చూసి ఆమె ఏమాత్రం కంగారు పడలేదు. డెబ్బై ఏళ్ళల్లో ఆవిడ పొలం గట్ల మీద ఇంతకంటే వంకర మెడలు చాలా చూసింది.

"మెడ పట్టింది, అంతే గదరా అబ్బయా. దానికింత రాగం తీయాల్నా? బామ్ రాస్తే బస్సొచ్చే లోపల వదిలిపోద్ది."

ఇంట్లో బామ్ సీసా అడుగంటిపోయింది. బిందు తన అన్న కొడుకు పుట్టెంట్రుకలకని రెండు రోజుల ముందే బిట్రగుంట వెళ్ళింది. ఆదిశేషమ్మ కోడలి బీరువా తెరిచి, పౌడర్లూ క్లిప్పులూ కదిలించి, వెనక దాచినట్టున్న ఒక గుండ్రటి రేకుడబ్బా పట్టుకొచ్చింది. మూత మీద చీలికలు చీలికలుగా పచ్చటి ఆకు బొమ్మ.

"ఏందిమా అది? ఏం రాసుండాది దాని మింద?" అన్నాడు హరినాథ్. అతను చదువుకున్నవాడే, ఇంగ్లీషు బాగానే వచ్చు. కాని చదవాలంటే తల వంచాలి.

"ఇంగిలీసు. ఆకు బొమ్మ కనపడతా ఉంటే చదివేదేంది? గోంగూర ఆకు. పిల్లది మంచిదే తెప్పించుకుందే! ఆముదంలో వెచ్చజేసి కట్టు కడితే గడ్డలే పగిలిపోతాయి, నీ మెడ ఎంత?"

గోంగూర ఆకుని ఆదిశేషమ్మ గుర్తుపట్టలేకపోతుందా అంటే, నెల్లూరు జిల్లా మొత్తం మీద ఆ మాట అనేవాడు ఉండడు. ముప్పై సెంట్ల పెరట్లో ఆవిడ ఏటా గోంగూర వేస్తుంది, కోస్తుంది, నూరుతుంది. అందుకే హరినాథ్ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. డబ్బాని కళ్ళ ముందుకి ఎత్తి పట్టుకొమ్మని అడగాలనుకున్నాడు కాని అప్పటికే తల్లి రెండు బొటనవేళ్ళూ మెడ మీద దిగిపోయాయి.

పది నిమిషాలకి మెడ ఒక అంగుళం తిరిగింది. బామ్ గుణమో, బొటనవేళ్ళ గుణమో చెప్పడం కష్టం. "దార్లో ఇంకోసారి రాసుకో" అని డబ్బా సంచిలో వేసింది ఆదిశేషమ్మ. దాని పక్కనే పెద్ద స్టీలు డబ్బా నిండా గోంగూర పచ్చడి కూడా పెట్టింది. కాగితం చేతికి రాకముందే స్వీట్లు పంచితే దిష్టి తగులుతుందని ఆవిడ నమ్మకం. పచ్చడికి దిష్టి ఉండదట.

"ఆ కాగితం ఇచ్చే మేడమ్ ఉండాదే, ఆమెకు పెట్టు. వెల్లుల్లి దండిగా ఏసినా."

బస్సు వచ్చింది. డ్రైవరు చోటే సాహెబ్ పాతికేళ్ళుగా ఆ సీటులో కూర్చుని నడుము పోగొట్టుకున్న మనిషి. హరినాథ్ కొయ్యబొమ్మలా ఎక్కడం చూసి, "ఏమైంది హరీ? పెండ్లికొడుకు మాదిరి బిగుసుకోనుండావే" అన్నాడు.

"మెడ పట్టేసిందన్నా. అమ్మ గోంగూర బామ్ రాసింది. కొంచిం వదిలింది."

ఆ ముక్క అక్కడితో ఆగేది, రైలు గేటు పడకుండా ఉంటే. పోర్టుకి బొగ్గు బండి ఒకటి తీరిగ్గా వెళ్తోంది, దాని వెనక ఇంకొకటి. బస్సు ఆగగానే చోటే సాహెబ్ చొక్కా పైకెత్తి నడుము చూపించాడు. "ఏదీ, ఆ బామ్ కొంచిం ఇట్టా రాయి భాయ్."

మందు ఊరికే దొరుకుతోందంటే లేని నొప్పి కూడా లేచొస్తుంది. చోటే సాహెబ్ "అబ్బబ్బా, చల్లగా ఉందే" అని మూలిగేసరికి వెనక సీట్లలో మోకాళ్ళు, మోచేతులు, మడమలు ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. ఆ బస్సులో ఎవరి క్యారియర్ మూత తెరిచినా అది అందరిదీ అని మొదటినుంచీ ఒక ఆచారం ఉంది. బామ్ డబ్బాకి వేరే ఆచారం ఎందుకుంటుంది? గేటు లేచేసరికి అది చివరి సీటుదాకా వెళ్ళి ఖాళీ అయి తిరిగొచ్చింది. డ్రైవరుతో కలిపి ముప్పై ముగ్గురు మగాళ్ళు తలా ఒక చోట నిగనిగలాడుతూ కూర్చున్నారు.

ముత్తుకూరులో ఏంజెలిన్ ఎక్కింది. ఫ్యాక్టరీ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను. హరినాథ్ పక్క సీటులో కూర్చుని, అతని ఒళ్ళో ఉన్న డబ్బా చూసి, దాన్ని చేతిలోకి తీసుకుని, ఆ రోజు మొట్టమొదటిసారిగా చదవడం అనే పని చేసింది.

"అన్నా, ఇది యాడిదన్నా? ఇది గోంగూర కాదు, గంజాయి ఆకు. అయితే దీంట్లో..."

ఆమె వాక్యం సగంలోనే ఉంది. బస్సు దాన్ని పూర్తి చెయ్యనివ్వలేదు. "గంజాయా!" అని ముప్పై రెండు గొంతులు ఒకేసారి లేచాయి. ముప్పై మూడోది చోటే సాహెబ్‌ది. అతను గొంతు ఎత్తకుండా బ్రేకు మీద కాలు ఎత్తి వేశాడు.

వాళ్ళ భయానికి కారణం లేకపోలేదు. మూడు రోజులుగా ఫ్యాక్టరీ మెయిన్ గేటు దగ్గర రాణి అనే కుక్కని పెట్టారు. గంజాయి వాసన పట్టడంలో దానికి మెడల్ ఉందట. పట్టుబడ్డ కాంట్రాక్టు మనిషి ఆ రోజే ఇంటికి వెళ్తాడని నోటీసు బోర్డులో తెలుగులోనే రాసి పెట్టారు. మిగతావాళ్ళకి పోయేది కూలి, హరినాథ్‌కి పోయేది పదకొండేళ్ళు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే.

బిందుకి ఫోన్ చేశాడు. అవతల మేళం మోగుతోంది.

"బిందూ! నీ బీరువాలో రేకుడబ్బా, అదే, ఆకు బొమ్మది. దాంట్లో ఏముండాది?"

"మొన్నటికి ముప్పావు డబ్బా ఉన్నింది. ఎందుకు? నా మోచేతులకు తెప్పించుకున్నా, చర్మం చెట్టు బెరడు మాదిరి అయిపోతా ఉంటే. ఎవురు తీసినారు దాన్ని? అత్తా?"

"అది కాదు మే, గంజాయంట గదా!"

"ఎంత మిగిలిందో అది చెప్పు ముందు."

హరినాథ్ ఫోన్ పెట్టేశాడు.

"నేను చెప్పేది ఇనండన్నా" అంది ఏంజెలిన్. "దీన్ని సీబీడీ అంటారు. ఇది ఒంటికి పూస్తే..."

"ఒంటికే గదమ్మా పూసినాం! కడగాల, కడగాల!" అన్నారు అందరూ. ఆమె రెండో వాక్యం కూడా గాలిలో కలిసిపోయింది.

రోడ్డు పక్కన మస్తానయ్య రొయ్యల గుంటలున్నాయి. గట్టు మీద బోరు పైపు ఏనుగు తొండమంత లావున నీళ్ళు పోస్తోంది. తలుపు తెరుచుకుందో లేదో జనం దిగి చొక్కాలు విప్పేశారు. ఒకడు క్యారియర్లు తోమే సబ్బు తెచ్చాడు, ఇంకొకడు సీటు కింద ఉన్న కొబ్బరిపీచు తెచ్చాడు. హరినాథ్ తల నీటి ధార కింద పెట్టి, మెడ రుద్దమని చోటే సాహెబ్‌ని బతిమాలాడు. చోటే సాహెబ్ తన నడుము రుద్దమని అతన్ని బతిమాలాడు. అయిదు నిమిషాల్లో తెల్లటి నురగ గట్టు దిగి గుంటలోకి నడవసాగింది.

గట్టు అవతలినుంచి మేత బకెట్టుతో మస్తానయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఎవురయ్యా మీరు? ఏం చేస్తుండారు నా గుంటలో? రొయ్యకు సబ్బు తగిలితే ఏమవుద్దో తెలుసా?"

హరినాథ్ నమస్కారం పెట్టి, "అన్నా, కోప్పడొద్దు. కంపెనీవాళ్ళం. నొప్పికి బామ్ పూసుకున్నాం, అది..." అని నెమ్మదిగా సర్దిచెప్పబోయాడు. సర్దిచెప్పేవాడు కూడా. కాని వెనకనుంచి ఎవడో కళ్ళల్లో సబ్బు పడ్డవాడు, "రెండు నిమిషాలు ఆగు సామీ, ఒంటి మిందుండే గంజాయి కడుక్కోని పోతాం!" అన్నాడు.

మస్తానయ్య బకెట్టు కింద పెట్టాడు. బస్సు మీది కంపెనీ పేరూ, కింద రాసున్న నంబరూ చదివాడు, ఫోన్ తీశాడు. గట్టు మీద నడుస్తూనే మాట్లాడుతున్నాడు. హరినాథ్‌కి ముక్కలు ముక్కలుగా వినిపించింది. "అవును మేడమ్, మీ బస్సే... పొద్దన్నే... చొక్కాల్లేకుండా... నా గుంటలో... గంజాయే, వాళ్ళే చెప్తుండారు!"

బస్సు మళ్ళీ కదిలింది. ప్రతివాడూ తన మోచెయ్యి తనే వాసన చూసుకుంటున్నాడు.

"పోలేదు" అన్నాడొకడు.

"పోదు" అన్నాడు చోటే సాహెబ్ గంభీరంగా. "కుక్క ముక్కుకి నీళ్ళొక లెక్కా? దాన్ని వెల్లుల్లితోనే కొట్టాల. మా తాతకు వేటకుక్కలుండేవి. వెల్లుల్లి వాసనొస్తే అవి ఆ పక్కకే పొయ్యేవి కావు."

అందరి చూపులూ ముక్కుల వెంట బయల్దేరి హరినాథ్ సంచి దగ్గర ఆగాయి. హరినాథ్ సంచిని గుండెకి హత్తుకున్నాడు.

"అది మేడమ్‌కి అన్నా!"

"ఆ మేడమే గదా మనల్ని ఇంటికి పంపేది? తియ్ భాయ్."

"అన్నా, పచ్చడి అక్కర్లేదు" అంది ఏంజెలిన్ లేచి నిలబడి. "నేనొక్క మాట చెప్తా. దీంట్లో మత్తు..."

"మత్తుంది గనకే గదమ్మా ఈ పచ్చడి!" అని ఆమెని కూర్చోబెట్టారు.

ఆదిశేషమ్మ పచ్చడికి నూనె ధారాళంగా పోస్తుంది. మిరపకాయలు అంతకంటే ధారాళంగా వేస్తుంది. ఆ ఎర్రటి నూనెని, అప్పుడే కొబ్బరిపీచుతో తోమిన చర్మానికి, ముప్పై ముగ్గురూ భక్తిగా రాసుకున్నారు. ఒక్క నిమిషం ఏమీ కాలేదు. రెండో నిమిషంలో ముందు సీటులో ఎవరో "స్స్" అన్నారు. మూడో నిమిషానికి బస్సంతా పాములపుట్ట అయింది.

మెయిన్ గేటు దగ్గర పుష్పకుమారి మేడమ్ నిలబడి ఉంది. ఫ్యాక్టరీలో ఉద్యోగాలు ఇచ్చేదీ తీసేదీ ఆవిడే. చేతిలో ముప్పై మూడు పేర్ల కాగితం, భుజానికి హ్యాండ్‌బ్యాగు, ఒకవైపు సెక్యూరిటీ, ఇంకోవైపు గొలుసుతో రాణి. ఆ పక్కనే మోటారుసైకిలు మీద అడ్డదారిలో వచ్చిన మస్తానయ్య, సీసాలో నురగనీళ్ళతో సహా.

బస్సు తలుపు తెరుచుకుంది. మొదటివాడు ఒంటికాలి మీద గెంతుతూ దిగాడు. రెండోవాడు మోకాలికి టోపీతో విసురుకుంటున్నాడు. చోటే సాహెబ్ నడుము పట్టుకుని అక్కడే గుండ్రంగా తిరుగుతున్నాడు. అందరి కళ్ళూ ఎర్రగా, నీళ్ళతో ఉన్నాయి. హరినాథ్ దిగి మెడ కుడికి, ఎడమకి, పైకి, కిందికి తిప్పుతూ, మధ్యలో దొరికినప్పుడల్లా మేడమ్‌కి నమస్కారం పెడుతున్నాడు.

"ఇంక కుక్కెందుకు మేడమ్?" అన్నాడు సెక్యూరిటీ ఆఫీసరు. "చూస్తే తెలీట్లా?"

"రూలు రూలే. వాసన చూపించండి" అంది పుష్పకుమారి. కాగితం మీద కలం పెట్టింది. మొదటి పేరు హరినాథ్‌దే. తన పేరు పక్కన ఆ కలం ఆగడం చూసి అతనికి నిజంగా ఏడుపొచ్చింది. ఆ కన్నీళ్ళని మిరపకాయ ఖాతాలో వేసి ఎవరూ పట్టించుకోలేదు.

రాణి వచ్చింది. హరినాథ్ మెడ దాకా ముక్కు చాచి, మూడుసార్లు తుమ్మి, మెడల్ ఉన్న కుక్క ఎలా చూడాలో అలా అసహ్యంగా చూసి పక్కకి తిరిగింది. రెండోవాడి దగ్గరా అంతే. వరస మొత్తం తుమ్ముకుంటూ వెళ్ళింది. చోటే సాహెబ్ తాత మాట నిజమేనని ముప్పై మూడు మొహాలు వెలుగుతుండగా, రాణి మంచి గాలి కోసం తల పైకెత్తి, ఉన్నట్టుండి గొలుసు లాక్కుంటూ వెళ్ళి, పుష్పకుమారి మేడమ్ కాళ్ళ ముందు బుద్ధిగా కూర్చుంది. హ్యాండ్‌బ్యాగుకేసి చూస్తూ తోక ఊపింది.

కుక్కని తెచ్చిన కానిస్టేబులు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్... రాణి కూర్చుందంటే... అంటే, దానర్థం..."

"దానర్థం నాకు తెలుసు" అంది పుష్పకుమారి. ఆవిడ మొహం గోంగూర పూసిన మెడలకంటే ఎర్రబడింది. తరువాత ఆవిడ బ్యాగు తెరిచి, ఒక చిన్న గుండ్రటి రేకుడబ్బా బయటికి తీసింది. మూత మీద అదే ఆకు.

"ఇది నేను మొహానికి రాసుకునేది. ఈ ఉప్పుగాలికి నా చర్మం పొలుసులు లేస్తా ఉంటే డాక్టరు చీటీ రాసిచ్చినాడు. లైసెన్సుతో అమ్మే సరుకు. గంజాయి మొక్కలోంచే తీస్తారు గాని, దీంట్లో మత్తెక్కించేది ఉండదు. ఒంటికి పూస్తే నొప్పికో చర్మానికో కొంచిం ఉపయోగం, కొందరికి అదీ ఉండదు. కుక్కకి వాసన ఒకటే, తేడా దానికేం తెలుసు?"

"నేను ముత్తుకూరు కాడ్నించి చెప్తుండేది అదే మేడమ్!" అంది ఏంజెలిన్ వెనకనుంచి. ఆ రోజు ఆమె పూర్తి చెయ్యగలిగిన మొదటి వాక్యం అది.

హరినాథ్ సంచిలోంచి ఖాళీ డబ్బా తీసి చూపించాడు. "మేడమ్, మాదీ ఇదే. నా భార్యది. అమ్మ గోంగూర అనుకోని రాసింది."

పుష్పకుమారి రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి చూసింది. కలానికి మూత పెట్టింది.

"మరి ఎందుకు కడుక్కున్నారు?"

"కుక్కుందని మేడమ్."

"మరి ఈ వాసనేంది?"

"గోంగూర పచ్చడి మేడమ్."

"అది ఎందుకు పూసుకున్నారు?"

చోటే సాహెబ్ తన తాత పేరెత్తబోయి మానుకున్నాడు.

మేడమ్ పేర్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. అలాగని ఊరికే వదల్లేదు. అందరికీ పరీక్షలు చెయ్యమంది. ఏంజెలిన్ ముప్పై మూడు సీసాలతో మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టింది. వాటి పక్కన మస్తానయ్య సీసా కూడా పెట్టారు. మనుషుల్లో మత్తు లేదని తేలింది, నీళ్ళల్లో సబ్బు పలచబడిందని తేలింది. గుంటలో నీళ్ళు మార్చడానికి కంపెనీ మోటారు పంపిస్తామన్నాక మస్తానయ్య శాంతించాడు.

డాక్టరు హరినాథ్‌ని మెడ తిప్పమన్నాడు. ఎన్నిసార్లు అని హరినాథ్ అడిగాడు. మంట ఇంకా తగ్గలేదు, మెడ ఫ్యానులా తిరుగుతోంది. తన సర్వీసులో ఇంత చురుకైన మెడ చూడలేదని డాక్టరు సర్టిఫికెట్టు రాసిచ్చాడు. అది ఆకు మహిమో, బొటనవేళ్ళ మహిమో, మిరపకాయదో, ఉద్యోగం పోతుందన్న భయందో హరినాథ్‌కి ఈనాటికీ తెలియదు. ఆదిశేషమ్మకి మాత్రం అనుమానం లేదు. ఫోన్‌లో కథంతా విని, "నేను పొద్దన్నే చెప్పలా? ఏదైనా గోంగూరే పని చేసేది" అంది.

మూడింటికి పుష్పకుమారి మేడమ్ గదిలోకి పిలిచింది. బల్ల మీద నాలుగు పేజీల పర్మనెంటు కాగితం ఉంది. ఇన్నేళ్ళ ఎదురుచూపూ ఆ తెల్లకాగితం మీద తన పేరుగా కనిపిస్తుంటే, హరినాథ్ మెడ మంటతో సహా అన్నీ మర్చిపోయాడు. కలం ఎక్కడుందో వెతుక్కుని, మేడమ్ వేలు పెట్టి చూపించిన చోట గబగబా సంతకం చేశాడు.

మొదటి పేజీలో మొదటి షరతు ఏమిటంటే, ఉద్యోగి ఏ కాగితాన్నయినా పూర్తిగా చదివాకే సంతకం చెయ్యాలి.